స్కాన్‌లో గడ్డ లేదన్నారు, మరి బయాప్సీ ఎందుకు?

ప్రశ్న: మా నాన్నగారికి 66 ఏళ్లు. పదేళ్లుగా షుగర్ ఉంది. మూడేళ్ల క్రితం గుండెకు స్టెంట్ వేశారు. అప్పట్నుంచీ ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ వాడుతున్నారు. రాత్రిళ్లు నాలుగైదు సార్లు మూత్రానికి లేస్తుంటే ఏడాది కిందట ప్రోస్టేట్ పెరిగిందని చెప్పి టామ్సులోసిన్, డ్యూటాస్టెరైడ్ కలిసి ఉన్న మాత్ర రాశారు. అప్పుడు రక్తపరీక్షలో పీఎస్ఏ (ప్రోస్టేట్ గ్రంథి తయారుచేసే ప్రొటీన్) 6.2 ఉంది, ఇప్పుడు 7.8 వచ్చింది. పొట్ట స్కాన్‌లో ప్రోస్టేట్ 62 గ్రాములనీ, గడ్డలేమీ లేవనీ రాశారు. అయినా యూరాలజిస్టు మలద్వారం గుండా అల్ట్రాసౌండ్ పెట్టి, సూదితో గ్రంథిలోంచి 12 ముక్కలు తీసి పరీక్షించాలంటున్నారు (బయాప్సీ). పెరిగింది ఒకటిన్నర పాయింటే కదా, కొన్నాళ్లు ఆగి చూడకూడదా? సూది గుచ్చితే క్యాన్సర్ ఒళ్లంతా పాకుతుందని బంధువులు అంటున్నారు, నిజమేనా? ఎంఆర్ఐ తీయిస్తే చాలదా? అసలు స్టెంట్ ఉన్నవాళ్లకు ఎంఆర్ఐ తీస్తారా? గుండె మందులు ఆపాలా? నొప్పి ఎంత ఉంటుంది? తర్వాత ఏం చూసుకోవాలి?

జవాబు: మీ ఉత్తరంలో మీరు పెద్దగా పట్టించుకోకుండా రాసిన మాట ఒకటుంది. అన్నిటికంటే ముఖ్యమైనది అదే: డ్యూటాస్టెరైడ్. ఈ మందు ప్రోస్టేట్ గ్రంథిని కుదిస్తుంది, దాంతోపాటు పీఎస్ఏనూ తగ్గిస్తుంది. ఆరు నెలలు దాటి వాడినవారిలో పీఎస్ఏ సుమారు సగానికి పడిపోవాలి. అంటే మీ నాన్నగారికి 6.2 కాస్తా మూడు దగ్గరకు రావాల్సింది. రాలేదు సరికదా, 7.8కి పెరిగింది. ఈ మందు వాడుతున్నవారి పీఎస్ఏను రెండింతలు చేసి చదవాలన్నది యూరాలజిస్టులు పాటించే లెక్క. ఆ లెక్కన ఇప్పుడున్నది 7.8 కాదు, 15 దాటిన అంకె. ‘ఒకటిన్నర పాయింటే పెరిగింది’ అని మీకు అనిపించడానికీ, మీ డాక్టరుగారు బయాప్సీ దగ్గరే పట్టుబట్టడానికీ మధ్య ఉన్న తేడా ఇదే. ఆయన ఈ మాట మీకు విడమరచి చెప్పి ఉంటే బాగుండేది.

అయితే ఒక్క అంకెను చూసి సూది పట్టుకోనక్కర్లేదు. మూత్రంలో ఇన్‌ఫెక్షన్ ఉన్నా, ఈమధ్య మూత్రం ఆగిపోయి గొట్టం వేసినా, రక్తం ఇచ్చేముందు రెండు రోజుల్లో వీర్యస్ఖలనం జరిగినా పీఎస్ఏ పెరుగుతుంది. కాబట్టి ముందుగా మూత్ర పరీక్ష, మూత్రం కల్చర్ (బ్యాక్టీరియాను పెంచి చూసే పరీక్ష) చేయించండి. ఇన్‌ఫెక్షన్ కనబడితే మందులతో తగ్గించి, ఆరు నుంచి ఎనిమిది వారాలు ఆగి పీఎస్ఏ మళ్లీ చూడాలి. కనబడకపోతే కొన్ని వారాల తేడాతో అదే ల్యాబ్‌లో ఇంకోసారి చేయిస్తే చాలు, ఎందుకంటే ల్యాబ్ మారితే యంత్రం మారుతుంది, అంకె కూడా కాస్త మారుతుంది. ప్రోస్టేట్ క్యాన్సర్ ఎక్కువమందిలో నెమ్మదిగానే సాగుతుంది కాబట్టి ఈ కొన్ని వారాల వల్ల నష్టం రాదు. నెలల తరబడి ‘చూద్దాంలే’ అనుకోవడం మాత్రం మీ నాన్నగారి విషయంలో తగదు. డాక్టరు మలద్వారంలో వేలుపెట్టి గ్రంథిని తడిమి చూశారో లేదో మీరు రాయలేదు. చూడకపోతే చూడమని అడగండి. నిమిషం పట్టని పరీక్ష అది. గ్రంథి ఎక్కడైనా రాయిలా గట్టిగా తగిలితే పీఎస్ఏ ఎంత ఉన్నా బయాప్సీ చేయాల్సిందే.

ఇక గడ్డ కనబడలేదన్న సంగతి. పొట్ట మీద పెట్టి చేసే స్కాన్ ప్రోస్టేట్ ఎంత ఉందో కొలుస్తుంది, మూత్రం పోశాక మూత్రాశయంలో ఎంత మిగిలిందో చెబుతుంది. అంతవరకే దాని పని. మలద్వారం గుండా చేసే అల్ట్రాసౌండ్‌లో గ్రంథి చాలా దగ్గరగా, స్పష్టంగా కనిపిస్తుంది. మూడు వైపులా కొలిచి, ఆ మూడింటినీ గుణించి, వచ్చినదాన్ని 0.52తో గుణిస్తే పరిమాణం వస్తుంది. ఉదాహరణకు 5.2, 4.6, 5 సెంటీమీటర్లుంటే దాదాపు 62 ఘన సెంటీమీటర్లు, అంటే సుమారు 62 గ్రాములు. కానీ క్యాన్సర్ విషయానికొస్తే ఈ దగ్గరి చూపు కూడా నమ్మదగ్గది కాదు. కొన్ని క్యాన్సర్లు చుట్టూ ఉన్న కణజాలం కంటే నల్లగా కనిపిస్తాయి. చాలావాటికి చుట్టుపక్కల కండకీ వాటికీ తేడాయే తెలియదు. పైగా నల్లగా కనిపించిందల్లా క్యాన్సరూ కాదు, పాత వాపు కూడా అలాగే ఉంటుంది. ఈ పరీక్షలో అల్ట్రాసౌండ్ క్యాన్సర్‌ను వెతికిపెట్టదు. గ్రంథి అంచు ఎక్కడుంది, మూత్రనాళం ఎక్కడుంది, సూది మొన ఇప్పుడు ఎక్కడుంది అన్నవి చూపించి, డాక్టరు చేతికి దారి చెబుతుంది. ‘గడ్డ లేదు’ అన్న వాక్యానికి అందుకే అంత బరువు ఇవ్వకూడదు.

మరి క్యాన్సర్ కనిపించనప్పుడు 12 చోట్ల గుచ్చి ఏం లాభం? సరైన ప్రశ్నే. ఒక పద్ధతి ప్రకారం గ్రంథి నలుమూలల నుంచి నమూనాలు తీస్తే జబ్బు దొరికే అవకాశం పెరుగుతుంది. 1989లో హాడ్జ్ అనే వైద్యుడి బృందం అటు మూడు, ఇటు మూడు మొత్తం ఆరు ముక్కలు తీసే పద్ధతిని ప్రతిపాదించింది. ఆరు చాలడం లేదని తేలి క్రమంగా పది, పన్నెండుకు వచ్చింది. గ్రంథిని కుడి, ఎడమలుగా, పైభాగం, మధ్యభాగం, కొసగా విడదీసి, ఒక్కో భాగంలో లోపలివైపు ఒకటి, పక్కవైపు ఒకటి తీస్తారు. పక్కవైపు తీసేవాటికి విలువ ఎక్కువ, ఎందుకంటే ప్రోస్టేట్ క్యాన్సర్లలో దాదాపు 70 శాతం గ్రంథి వెనక, పక్కల ఉండే బయటి పొరలోనే పుడతాయి. అయినా ఒక లెక్క వేసి చూడండి. ఒక్కో ముక్క మిల్లీమీటరు మందం, ఒకటిన్నర సెంటీమీటరుకు కాస్త ఎక్కువ పొడవు. అలాంటివి పన్నెండు తీసినా 62 గ్రాముల గ్రంథిలో సుమారు నాలుగు వందల్లో ఒక వంతు మాత్రమే మనం చూసినట్టు. గ్రంథి ఎంత పెద్దదైతే ఆ వంతు అంత చిన్నదవుతుంది.

ఎంఆర్ఐ అక్కరకొచ్చేది ఇక్కడే. నా సలహా కూడా అదే: వీలుంటే బయాప్సీకి ముందే తీయించండి. 2017లో వెలువడిన ప్రామిస్ అధ్యయనంలో గ్రంథిని ప్రతి 5 మిల్లీమీటర్లకు ఒకచోట గుచ్చి తీసిన నమూనాలతో రెండు పద్ధతులనూ పోల్చి చూశారు. చికిత్స అవసరమైన క్యాన్సర్లలో మామూలు 12 ముక్కల బయాప్సీ పట్టుకున్నది 48 శాతం, ఎంఆర్ఐ అనుమానించింది 93 శాతం. ఎంఆర్ఐలో కనబడిన మచ్చలకు పైరాడ్స్ అని 1 నుంచి 5 వరకు అంకె వేస్తారు. 1, 2 అయితే అనుమానం తక్కువ, 4, 5 అయితే ఎక్కువ, 3 సందిగ్ధం.

ఎంఆర్ఐ ఒక్కటే చాలదా అన్నారు. చాలదు. మచ్చ అనుమానాస్పదంగా ఉందని అది చెప్పగలదే కానీ, అది క్యాన్సరేనా, అయితే ఎంత ఉధృతమైనది అన్నది సూక్ష్మదర్శిని కింద ముక్కను చూస్తేనే తెలుస్తుంది. చికిత్స నిర్ణయమంతా ఆ రెండో సంగతి మీదే ఆధారపడుతుంది. ఎంఆర్ఐ బాగుందని వస్తే కొందరికి బయాప్సీ తప్పుతుంది, నిజమే. కానీ డ్యూటాస్టెరైడ్ మీద ఉండి కూడా పీఎస్ఏ పెరుగుతున్న మనిషిలో ఎంఆర్ఐ బాగున్నంత మాత్రాన వదిలేయడానికి చాలామంది డాక్టర్లు ఒప్పుకోరు. ఇంకో మాట. పీఎస్ఏను గ్రంథి పరిమాణంతో భాగించి 0.15 కంటే తక్కువొస్తే అనుమానం తక్కువని మీరు ఎక్కడో చదవొచ్చు. 7.8ని 62తో భాగిస్తే 0.13 లోపే వస్తుంది. అది చూసి ఊరట చెందకండి. మందు పీఎస్ఏనూ తగ్గించింది, గ్రంథినీ కొంత కుదించింది. అలాంటప్పుడు ఆ భాగహారానికి అర్థం లేదు.

ఎంఆర్ఐ ముందే ఎందుకంటే, బయాప్సీ చేశాక గ్రంథిలో అక్కడక్కడ రక్తం గూడుకట్టి, ఎంఆర్ఐలో మచ్చల్లాగే కనబడి తికమక పెడుతుంది. ఆ తర్వాత తీయాలంటే ఆరు నుంచి ఎనిమిది వారాలు ఆగాలి. గుండె స్టెంట్ ఎంఆర్ఐకి అడ్డు కాదు, మూడేళ్ల నాటి స్టెంట్‌తో నిశ్చింతగా తీయించుకోవచ్చు. అయినా స్టెంట్ కాగితాలు వెంట తీసుకెళ్లండి. పేస్‌మేకర్ అయితే కథ వేరు, ముందే చెప్పాలి. షుగర్ ఉంది కాబట్టి బొమ్మ స్పష్టంగా రావడానికి ఇచ్చే రంగు మందు ఎక్కించేముందు క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష) చూస్తారు. చిన్నదిగా అనిపించే పరీక్షే కానీ అరగంటకు పైగా కదలకుండా పడుకోవాలి. వెళ్లేముందు మూత్రం పోసి వెళ్లమనండి.

సూది గుచ్చితే క్యాన్సర్ పాకుతుందన్న భయం చాలా ఇళ్లలో వినిపిస్తుంది. సూది దారిలో క్యాన్సర్ కణాలు నాటుకున్న సంఘటనలు ప్రోస్టేట్ విషయంలో అసలు లేవని కాదు. అవి ఎంత అరుదంటే ఒక్కటి కనబడినా వైద్య పత్రికల్లో ప్రత్యేకంగా రాస్తారు. మరి ‘ముక్క తీశాక ముదిరింది’ అన్న మాట ఎలా పుట్టింది? ఆలస్యంగా వచ్చినవారిలో అప్పటికే జబ్బు ఎముకలకు చేరి ఉంటుంది. ముక్క తీసిన నెలకో రెండు నెలలకో అది బయటపడుతుంది. నింద సూది మీద పడుతుంది. ఈ పరీక్షలో నిజంగా భయపడాల్సింది క్యాన్సర్ పాకడం గురించి కాదు, ఇన్‌ఫెక్షన్ రక్తంలోకి పాకడం గురించి. దాని గురించి ఇంట్లో ఎవరూ మాట్లాడరు.

ఇన్‌ఫెక్షన్ ఎలా వస్తుందో చూడండి. మలద్వారం గుండా చేసే పద్ధతిలో సూది పురీషనాళం గోడను పన్నెండు సార్లు దాటి గ్రంథిలోకి వెళుతుంది. అక్కడుండే ఈ.కోలై వంటి బ్యాక్టీరియాను ప్రతిసారీ కొంచెం మోసుకెళుతుంది. అందుకే ముందుగానే యాంటీబయోటిక్ ఇస్తారు. ఏళ్ల తరబడి ఇందుకు సిప్రోఫ్లాక్సాసిన్ మాత్రనే వాడారు. ఇప్పుడు చాలామంది పేగుల్లో దానికి లొంగని బ్యాక్టీరియా ఉంటోంది. షుగర్ ఉన్నవారికి, గత ఆరు నెలల్లో ఏ యాంటీబయోటిక్ అయినా వాడినవారికి, ఈమధ్య ఆసుపత్రిలో ఉండి వచ్చినవారికి ముప్పు మరింత ఎక్కువ. కాబట్టి డాక్టరుగారిని రెండు విషయాలు అడగండి. పురీషనాళం నుంచి దూదిపుల్లతో నమూనా తీసి కల్చర్ చేయించి, దానికి పనిచేసే యాంటీబయోటిక్ ఎంచుతారా? సూది వేసేముందు పురీషనాళాన్ని పొవిడోన్ అయొడిన్ అనే క్రిమిసంహారక మందుతో శుభ్రం చేస్తారా? రెండోది చాలా చవకైన, తేలికైన పని, ముప్పును తగ్గిస్తుందని అధ్యయనాల్లో తేలింది కూడా. ఆరు నెలల్లో వాడిన యాంటీబయోటిక్‌ల పేర్లు ఒక కాగితం మీద రాసి ఇవ్వండి. ‘ఏదో జ్వరానికి వేసుకున్నాం’ అంటే వారికి ఉపయోగపడదు.

రెండో దారి కూడా ఉంది. వృషణాల సంచికీ మలద్వారానికీ మధ్య ఉన్న చర్మం గుండా సూది వేయడం. అందులోనూ అల్ట్రాసౌండ్ ప్రోబ్ (లోపలికి పంపి చూసే పరికరం) మలద్వారంలోనే ఉంటుంది, చూసేది అక్కడి నుంచే. సూది మాత్రం శుభ్రం చేసిన చర్మం గుండా పోతుంది, మలం ఉండే దారిని తాకదు. రక్తంలోకి ఇన్‌ఫెక్షన్ చేరడం ఈ పద్ధతిలో చాలా అరుదు. అందుకే ఐరోపా యూరాలజీ సంఘం మార్గదర్శకాలు దీనికే మొగ్గు చూపుతున్నాయి. గ్రంథి ముందుభాగాన్ని, కొసను ఈ దారిలో సులువుగా అందుకోవచ్చు. వెనక నుంచి వెళ్లే సూదికి తరచుగా దొరక్కుండా పోయేది ఆ ముందుభాగమే. ఇబ్బందులూ లేకపోలేదు. కాళ్లు పైకెత్తి కట్టిన భంగిమలో పడుకోవాలి, కొన్నిచోట్ల పూర్తి మత్తు ఇస్తారు, అలవాటున్న చేయి అన్నిచోట్లా దొరకదు. మీ నాన్నగారికి పదేళ్ల షుగర్ ఉంది కాబట్టి, రెండు పద్ధతులూ చేసే డాక్టరు అందుబాటులో ఉంటే నేను ఈ రెండో దారినే ఎంచుకోమంటాను. లేకపోతే మొదటిదే, పైన చెప్పిన జాగ్రత్తలతో.

గుండె మందుల సంగతి మీరు సొంతంగా తేల్చకండి, యూరాలజిస్టు ఒక్కరే తేల్చకూడదు కూడా. మామూలుగా తక్కువ మోతాదు ఆస్పిరిన్ ఆపక్కర్లేదు. దానితో రక్తం కాస్త ఎక్కువ రోజులు కనబడుతుందేమో కానీ ప్రమాదం పెరగదు. క్లోపిడోగ్రెల్‌ను సాధారణంగా ఐదు నుంచి ఏడు రోజుల ముందు ఆపుతారు. స్టెంట్ వేసి మూడేళ్లయింది కాబట్టి ఆస్పిరిన్ కొనసాగిస్తూ దీన్ని కొద్ది రోజులు ఆపడానికి గుండె డాక్టరు ఒప్పుకునే అవకాశమే ఎక్కువ. ఏ తేదీన ఆపాలి, ఏ తేదీన మళ్లీ మొదలుపెట్టాలి అన్న రెండు తేదీలూ ఆయన చేత రాయించుకోండి. ఆపడం అందరికీ గుర్తుంటుంది, మళ్లీ మొదలుపెట్టడం మరిచిపోతారు. స్టెంట్ ఉన్నవారిలో ఆ మరుపు బయాప్సీ కంటే ప్రమాదం. రక్తాన్ని పలచబరిచే వార్ఫరిన్ వాడేవారి లెక్క వేరు, వాళ్లు ఐదు రోజుల ముందు ఆపి రక్తం గడ్డకట్టే పరీక్ష చూపించుకోవాలి.

టామ్సులోసిన్ ఉన్న మాత్ర మాత్రం ఆపొద్దు. బయాప్సీ తర్వాత గ్రంథి కాస్త వాచి మూత్రం ఆగిపోయే అవకాశం పెద్ద ప్రోస్టేట్ ఉన్నవారిలో ఎక్కువ. ఆ మాత్ర దారిని తెరిచి ఉంచుతుంది.

పరీక్ష రోజు ఇలా సాగుతుంది. మలద్వారం గుండా చేసే పద్ధతి అయితే ముందు రాత్రో ఆ ఉదయమో చిన్న ఎనిమా ఇస్తారు. స్థానిక మత్తుతోనే చేస్తామంటే ఖాళీ కడుపుతో వెళ్లాల్సిన పనిలేదు. షుగర్ మందు వేసుకుని తినకుండా వెళితే టేబుల్ మీద షుగర్ పడిపోతుంది. కళ్లు తిరిగాయంటే సూది వల్లే అనుకుంటారు కానీ, ఒక్కోసారి కారణం ఖాళీ కడుపే. పూర్తి మత్తు ఇస్తామంటే మాత్రం ఆరు గంటల ముందు నుంచి తినకూడదు. ఆ ఉదయం షుగర్ మందు వేసుకోవాలా వద్దా అని ముందే అడగండి.

ఎడమ పక్కకు తిరిగి, మోకాళ్లు పొట్టవైపు ముడుచుకుని పడుకోమంటారు. పిరుదులు టేబుల్ అంచుకు రావాలి, లేకపోతే ప్రోబ్ పిడి టేబుల్‌కు తగిలి సరిగా తిరగదు. వేలు పరీక్ష చేసి, మత్తు జెల్ రాసి, లావుపాటి వేలంత ప్రోబ్‌ను మెల్లగా లోపలికి పంపుతారు. చాలామందికి ఎక్కువ ఇబ్బంది కలిగేది ఈ క్షణంలోనే. కండరాలు బిగించకుండా, మలవిసర్జనకు ముక్కినట్టు కొద్దిగా ముక్కుతూ నోటితో ఊపిరి వదిలితే సులువుగా వెళుతుంది. తర్వాత గ్రంథికీ వీర్యకోశానికీ మధ్య తెరమీద తెల్లటి త్రిభుజంలా కనిపించే కొవ్వులోకి సన్నటి పొడవాటి సూదితో లిడోకెయిన్ అనే మత్తుమందు ఎక్కిస్తారు, మామూలుగా అటు 5, ఇటు 5 మిల్లీలీటర్లు. ప్రోస్టేట్‌కు వెళ్లే నరాలు ఆ దారిలోనే పోతాయి. మందు పనిచేయడానికి కొన్ని నిమిషాలు ఆగాలి. రద్దీ ఉన్నచోట ఈ ఆగడమే కరువవుతుంది. ‘మత్తు ఇచ్చినా నొప్పి పుట్టింది’ అనేవారిలో కొందరి సంగతి ఇదే. మొదటి ముక్కకే బాగా నొప్పి వేస్తే ఆగమని చెప్పడానికి మొహమాటపడొద్దని మీ నాన్నగారితో చెప్పండి.

ముక్క తీసే సూది 18 గేజ్‌ది (గేజ్ అంటే సూది మందం కొలత). దాన్ని స్ప్రింగ్ ఉన్న బయాప్సీ గన్‌లో బిగిస్తారు. లోపలి సూదికి కొసకు కాస్త వెనక దాదాపు రెండు సెంటీమీటర్ల గాడి ఉంటుంది. మీట నొక్కగానే ముందు లోపలి సూది దూసుకెళుతుంది, కణజాలం గాడిలో పడుతుంది, వెంటనే బయటి గొట్టం దాని మీదుగా కోసుకుంటూ వచ్చి మూసేస్తుంది. ఇదంతా రెప్పపాటులో అయిపోతుంది, టప్‌మని చప్పుడు మాత్రం గట్టిగా వస్తుంది. నొప్పి కంటే ఆ చప్పుడుకే ఉలిక్కిపడేవారు ఎక్కువ. ముందుగా ఒకసారి గాల్లో పేల్చి వినిపించమని అడగొచ్చు, చాలామంది డాక్టర్లు అడక్కుండానే వినిపిస్తారు. మీట నొక్కితే సూది రెండు సెంటీమీటర్లకు పైగా ముందుకు దూకుతుంది. అందుకే డాక్టరు దాన్ని గ్రంథి అంచు దగ్గరే ఆపి పేల్చాలి. ముందే లోపలికి గుచ్చి పేలిస్తే క్యాన్సర్ ఎక్కువగా ఉండే బయటి పొర గాడికి అందదు, లోపలి మామూలు కండ మాత్రం వస్తుంది. బొమ్మలో సూది తెల్లటి గీతలా కనిపిస్తుంది. ఆ గీత మొన ఎక్కడుందో చూస్తూ చేయడమే ‘అల్ట్రాసౌండ్ సాయంతో’ అన్న మాటకు అసలు అర్థం. కొసభాగంలో తీసేవి కాస్త ఎక్కువ గుచ్చుకుంటాయి, అక్కడ నొప్పి తెలిసే నరాలు దగ్గర. మొత్తం పావుగంట, ఇరవై నిమిషాల పని.

ఎంఆర్ఐలో మచ్చ ఉంటే ఈ పన్నెండుతోపాటు ఆ మచ్చలోంచి ప్రత్యేకంగా మూడో నాలుగో ముక్కలు తీస్తారు. డాక్టరు ఎంఆర్ఐ బొమ్మను మనసులో పెట్టుకుని గురిచూడటం ఒక పద్ధతి. ఎంఆర్ఐ బొమ్మను కంప్యూటర్ ద్వారా అల్ట్రాసౌండ్ తెర మీద పరిచి గురిచూడటం ఇంకోటి, దాన్నే ఫ్యూజన్ బయాప్సీ అంటారు. పెద్ద మచ్చకు రెండూ సరిపోతాయి. చిన్న మచ్చ, అదీ ముందువైపు ఉంటే ఫ్యూజన్ మేలు.

తీసిన ముక్కల్ని ఏ భాగానివి ఆ డబ్బాలో, పేరు రాసి, ముక్క చెడిపోకుండా ఉంచే ఫార్మలిన్ ద్రవంలో వేయాలి. అన్నీ కలిపి ఒకే సీసాలో వేస్తే దారాల్లాంటి ఆ ముక్కలు చుట్టుకుని విరుగుతాయి. ఏది ఎడమదో ఏది కుడిదో తెలియదు, పాథాలజిస్టుకు పొడవునా కోయడమూ కుదరదు. డబ్బాలు మీ చేతికే ఇచ్చి ల్యాబ్‌కు పంపితే ఎన్ని డబ్బాలో లెక్కపెట్టుకోండి. వెంట ఇచ్చే కాగితం మీద పీఎస్ఏ అంకె, డ్యూటాస్టెరైడ్ వాడుతున్న సంగతి రాశారో లేదో చూడండి.

ఇంటికొచ్చాక మూత్రంలో రక్తం కొన్ని రోజులు, ఒక్కోసారి రెండు వారాల దాకా కనబడుతుంది. మలంతోపాటు రెండు మూడు రోజులు కొద్దిగా పడవచ్చు. అందరినీ కంగారు పెట్టేది వీర్యం రంగు. మొదట ఎర్రగా, తర్వాత తుప్పు రంగులో నాలుగైదు వారాలు, కొందరికి ఇంకా ఎక్కువ కాలం వస్తుంది. పెద్దవాళ్లు ఈ మాట పిల్లలతో చెప్పుకోలేరు, లోలోపల భయపడుతుంటారు. ఇది మామూలేనని డాక్టరు చేతే ఆయనకు ముందు చెప్పించండి. నీళ్లు బాగా తాగాలి, వారం పాటు బరువులు ఎత్తొద్దు, ముక్కి విరేచనానికి పోవద్దు.

జ్వరం మాత్రం మామూలు కాదు. వస్తే సాధారణంగా మొదటి మూడు రోజుల్లోనే వస్తుంది. వేడి 38 డిగ్రీల సెల్సియస్ అంటే 100.4 ఫారెన్‌హీట్ దాటినా, వేడి లేకుండా చలి, వణుకు పుట్టినా అర్ధరాత్రయినా సరే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. పారాసిటమాల్ వేసి తెల్లారేదాకా చూద్దామనుకోవడమే ఇక్కడ ఎక్కువమంది చేసే తప్పు. ఇలాంటి ఇన్‌ఫెక్షన్‌లో షుగర్ ఉన్న మనిషికి గంటల్లో బీపీ పడిపోవచ్చు. అక్కడి డ్యూటీ డాక్టరుతో మొదటి మాటగా ‘రెండు రోజుల క్రితం ప్రోస్టేట్ బయాప్సీ జరిగింది, ముందుగా ఫలానా యాంటీబయోటిక్ ఇచ్చారు’ అని చెప్పండి. ఆ మందుకు లొంగని బ్యాక్టీరియా వల్లే జ్వరం వచ్చి ఉంటుంది కాబట్టి వాళ్లు రక్తం కల్చర్‌కు తీసి వేరే రకం ఇంజెక్షన్ మొదలుపెడతారు. మూత్రం అసలు రాకపోయినా, గడ్డలు గడ్డలుగా రక్తం పడుతున్నా అలాగే వెళ్లాలి. మూత్రం ఆగితే కొద్ది రోజులు గొట్టం వేస్తారు, తర్వాత చాలామందికి మామూలుగానే వస్తుంది.

రిపోర్టు రావడానికి వారం, పది రోజులు పట్టవచ్చు. క్యాన్సర్ ఉంటే గ్లీసన్ స్కోరు రాస్తారు. 1966లో గ్లీసన్ అనే పాథాలజిస్టు మొదలుపెట్టిన లెక్క ఇది. కణాల అమరిక ఎంత చెదిరిందో చూసి ఎక్కువగా కనబడిన తీరుకు ఒక అంకె, రెండోదానికి ఇంకో అంకె వేసి కలుపుతారు. 3+3 అంటే 6. పదికి ఆరు మార్కులని కంగారు పడతారు కానీ ఇప్పుడు రిపోర్టుల్లో రాసే అతి తక్కువ స్కోరు అదే. చాలామందికి చికిత్స లేకుండా క్రమం తప్పకుండా గమనిస్తూ ఉంటే సరిపోతుంది. 3+4, 4+3 రెండూ కలిపితే ఏడే, కానీ ఒకటి కాదు. రెండోదాంట్లో ఉధృతమైన భాగం ఎక్కువ. ఈ తికమక పోవడానికే ఇప్పుడు 1 నుంచి 5 దాకా గ్రేడ్ గ్రూప్ కూడా రాస్తున్నారు: 6 అయితే 1, 3+4 అయితే 2, 4+3 అయితే 3, 8 అయితే 4, 9, 10 అయితే 5. ఎన్ని ముక్కల్లో ఉంది, ఒక్కో ముక్కలో ఎంత శాతం ఉంది అన్నవి కూడా చూడండి. ఒక ముక్కలో 5 శాతం ఉండటానికీ, ఎనిమిది ముక్కల్లో 80 శాతం ఉండటానికీ చికిత్సలో చాలా తేడా ఉంటుంది. చికిత్స ఏదైనా మొదలుపెట్టేముందు స్లైడ్లు, ముక్కల్ని భద్రపరిచిన మైనం దిమ్మలు అడిగి తీసుకుని ఇంకో పాథాలజిస్టుకు చూపించడం తప్పేమీ కాదు. 3కీ 4కీ మధ్య గీత గీయడంలో అనుభవజ్ఞులకూ అభిప్రాయ భేదాలొస్తాయి.

రిపోర్టులో ‘అనుమానాస్పదమైన చిన్న గ్రంథుల గుంపు, తేల్చలేం’ అన్న అర్థం వచ్చే మాట ఉంటే, అది క్యాన్సర్ లేదని చెప్పడం కాదు. ప్రత్యేక రంగులు వేసి మళ్లీ చూడాలి, అప్పటికీ తేలకపోతే బయాప్సీ మళ్లీ చేయాల్సి రావచ్చు. క్యాన్సర్ లేదని స్పష్టంగా వచ్చినా మీ నాన్నగారి విషయంలో ఫైలు మూసేయకండి. ఎంఆర్ఐ తీయకుండా 12 ముక్కలే తీసి ఉంటే, గ్రంథి ముందుభాగాన్ని ఎవరూ చూడనట్టే లెక్క. అప్పుడైనా ఎంఆర్ఐ అడగండి, ఆరు వారాలు ఆగాక.

పీఎస్ఏ కూడా అంతే. సూది పోట్లకు అది అమాంతం పెరుగుతుంది, కనుక ఆరు నుంచి ఎనిమిది వారాల లోపు చేయించొద్దు. చేయించినప్పుడల్లా ల్యాబ్ చీటీ మీద ‘డ్యూటాస్టెరైడ్ వాడుతున్నారు, ఫలానా నెల నుంచి’ అని మీరే రాయండి. ఒకవేళ ఆ మాత్ర ఆపేస్తే ఏ నెలలో ఆపారో కూడా రాయాలి, ఎందుకంటే ఆపాక కొన్ని నెలల్లో పీఎస్ఏ దానంతట అదే పైకి పోతుంది. అది చూసి మళ్లీ సూది పట్టుకునే డాక్టరుకు ఆ తేదీ కావాలి.